అత్తయ్య వెనక కూర్చుని ఎంచిన బండి

ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలి. నెలాఖరు ఆదివారం మా మేనత్త జ్ఞాపకార్థ కూడిక ఉంది. ఆ రోజు ఆమె గురించి కాసేపు మాట్లాడమని పాస్టరుగారు నన్ను అడిగారు. అందరి ముందూ నిలబడి మాట్లాడలేనని నాకు తెలుసు. పైగా మీ అందరినీ ఒకటి అడగాలి. కూడిక అయిపోయాక అడిగితే దానికి అర్థం ఉండదు. అందుకని ముందే రాసి మన సంఘం పత్రికకి ఇస్తున్నాను.

అత్తయ్య ఈ నెల మొదట్లో జగ్గయ్యపేటలో తన ఇంట్లోనే ప్రభువు సన్నిధికి చేరింది. మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు బోర్లించి, నడుం వాల్చింది. మళ్లీ లేవలేదు. మంచాన పడింది లేదు, ఎవరి చేతా ఒక గ్లాసు నీళ్లు కూడా అడిగి తెప్పించుకున్నది లేదు. నిద్రలో పోవటం అంటే ఆమెకి సరిపోయిన పోకడే. ఎందుకు సరిపోయిందంటున్నానో ముందుకి చదివితే మీకే తెలుస్తుంది.

ఆ సమయానికి నేను వీరులపాడు అవతల ఒక ఊళ్లో గేదెలకి టీకాలు వేస్తున్నాను. నేను పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. అత్తయ్య కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ లేదే" అన్నాడు. చేతులు కడుక్కుని బండి తీశాను. నందిగామ దాటి హైవే ఎక్కాను. వెనక సీటు ఖాళీగా పెట్టుకుని ఎన్నోసార్లు వెళ్లిన దారే అది. ఆ రోజు మాత్రం గతుకు వచ్చినప్పుడల్లా, వెనక ఎవరో కూర్చున్నట్టు, చెయ్యి దానంతటదే బ్రేకు మీదకి పోయింది.

భూస్థాపన రోజున పాస్టరుగారు ఆమెని "భర్త చాటున ఒదిగి బతికిన ఇల్లాలు" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అందులో అబద్ధం లేదు. మామయ్య బండి నడిపితే ఆమె ఆయన చాటున కూర్చుని ఊళ్లన్నీ తిరిగింది. కానీ ఆ చాటున కూర్చుని ఆమె ఏం నేర్చుకుందో చాలామందికి తెలియదు. నా ఉద్యోగం నిలబడింది దానివల్లే.

పేటలో పాతవాళ్లకి మా మామయ్య గుర్తుండే ఉంటాడు. చీరల మూట కట్టుకుని బండి మీద ఊరూరూ తిరిగి అమ్మేవాడు. మొదట్లో ఒక్కడే వెళ్లేవాడట. మగాడు చీరలు పరిస్తే ఆడవాళ్లు గుమ్మంలోంచే చూసి లోపలికి పోయేవాళ్లట. దాంతో అత్తయ్యని వెంట తీసుకెళ్లటం మొదలుపెట్టాడు. ముందు మామయ్య, మధ్యలో మూట, వెనక అత్తయ్య. చీరకట్టుతో ఒక పక్కకి తిరిగి కూర్చునేది. ఎడమ చెయ్యి మూట మీద, కుడి చెయ్యి మామయ్య భుజం మీద. సీటు మీద తన వంతు చోట్లో మాత్రం ఒక బొంత ముక్క ఉండేది. అమ్ముడుపోని చీరలు మడిచి, నాలుగు పక్కలా కుట్టి, జారకుండా అడుగున ఒక నాడా పెట్టింది. ఎక్కేముందు దాన్ని పరవటం, దిగగానే మడిచి చంకలో పెట్టుకోవటం. ఎవరింటికి వెళ్లినా ముందు ఆ బొంతే కనపడేది.

నేను ఇంటర్ చదివింది పేటలో, అత్తయ్య ఇంట్లో ఉండి. మా అమ్మానాన్నలు మిరప కోతలకి, పత్తి తీతలకి పోయేవాళ్లు. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు. పరీక్షల రోజుల్లో మామయ్య చీరల మూట ఇంట్లో దించి, ఆ చోట్లో నన్ను కూర్చోబెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లేవాడు. అత్తయ్య నా వెనక కూర్చునేది. "నువ్వెందుకే, అమ్మాయిని దింపి వస్తాగా" అనేవాడు మామయ్య. "నేను లేకపోతే గేరు ఎప్పుడు మార్చాలో నీకు తెలియదు" అనేది. అది వేళాకోళం అనుకునేదాన్ని.

వేళాకోళం కాదు. మామయ్య మూడో గేరు వేయాల్సిన చోట రెండులోనే ఉంచి లాగిస్తుంటే అత్తయ్య వెనకనించి ఆయన భుజం తట్టేది. ఆయన గేరు మార్చేవాడు. వెనక చక్రంలో గాలి తగ్గిందని ఆయన కంటే ముందు ఆమే చెప్పేది. "ముందు కూర్చున్నోళ్లకి రోడ్డు కనపడుద్ది అమ్మాయ్, వెనక కూర్చున్నోళ్లకి తెలుస్తది" అనేది. సాయంత్రం చీరలు అమ్మి, పలచబడ్డ మూటతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆయన వీపు మీద తల పెట్టి కునుకు తీసేది. దిగాక మామయ్య కేకలేసేవాడు. "పడితే ఏంటి నీ సంగతి?" అంటే, "నువ్వు బాగా నడిపావు కాబట్టే నిద్దరొచ్చింది. నన్ను తిడతావేం?" అనేది. మెప్పో, తప్పించుకోవటమో తెలియక ఆయన నవ్వేసేవాడు.

మామయ్య పోయాక బండి ఒక కూరగాయల ఆయనకి అమ్మేశారు. అత్తయ్య బొంత మడిచి బీరువా మీద పెట్టింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నా ఆటోలోనే. ఆటో దిగిన ప్రతిసారీ "నడుం విరిచాడు" అని గొణిగేది.

ఇక నా సంగతి. చదువయ్యాక ఉద్యోగం వచ్చింది, వీరులపాడు వైపు ఊళ్లు ఇచ్చారు. మా ఊరికి దగ్గరే కదా అని ఇంట్లో అందరం సంతోషించాం. కానీ నందిగామ నుంచి పొద్దున వెళ్లిన బస్సు మళ్లీ సాయంత్రానికిగానీ రాదు. ఆ మధ్యలో ఏ గేదె ఈనలేక అవస్థపడినా, ఏ దూడ పొర్లి పడిపోయినా నేను రోడ్డు మీద నిలబడి ఎవరైనా ఎక్కించుకుంటారేమో అని చూడటమే. ఒకసారి ఒక ఇంటికి చేరేసరికి ఎవరో ప్రైవేటు ఆయన వచ్చి పని ముగించి వెళ్లిపోయాడు. దూడ క్షేమంగానే ఉంది. ఆ ఇంటావిడ నాకు మజ్జిగ ఇచ్చి, "ఈసారి ముందు ఆయనకే ఫోన్ చేస్తాలేమ్మా, మీకెందుకు ఇబ్బంది" అంది. మంచితనంతోనే అంది.

మా డాక్టరుగారు నన్ను పిలిచి మెత్తగానే చెప్పారు. "నెలాఖరులోగా బండి సంగతి చూసుకోమ్మా. కుదరకపోతే నిన్ను ఆఫీసు పనికి మార్చమని రాస్తాను. తప్పేం లేదు అందులో."

ఇంటికొచ్చి చెబితే నాన్న ముఖం వెలిగింది. "అదే మంచిది తల్లీ. ఆఫీసైతే నీడపట్టున ఉంటావు. నిన్ను చదివించింది మళ్లీ మాలాగా ఎండలో తిరగటానికా?" అన్నాడు. జీవితమంతా ఎండలో ఒంగి మిరపకాయలు కోసిన మనిషికి నీడ కంటే పెద్ద కోరిక ఏముంటుంది? కానీ నాకు పశువులతో పని ఇష్టం. జ్వరంతో పడుకున్న గేదె లేచి నీళ్లు తాగితే, ఆ ఇంట్లో వాళ్ల ముఖాలు చూడటం ఇష్టం. ఆఫీసులో కూర్చుంటే అది ఉండదు.

బండి నడపటం నాకు వచ్చు. కాలేజీ సెలవుల్లో బావ దగ్గర నేర్చుకున్నాను, లైసెన్సు కూడా తీసుకున్నాను. సొంతానికి ఏ బండి కొనాలన్నదే తెలియదు. బావ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బళ్లంటే పిచ్చి. ఫోన్ చేస్తే చాలు, ఎర్రవీ, నీలంవీ, ట్యాంకు ఉబ్బుగా ఉన్నవీ ఫొటోలు పంపేవాడు. నాన్న ఏమో "బండే కావాలంటే స్కూటీ కొనుక్కో" అన్నాడు. స్కూటీ మంచిదే. కానీ నేను తిరిగేది నల్లరేగడి డొంకల్లో. వాన పడితే చిన్న చక్రాల చుట్టూ మట్టి పట్టేసి అక్కడే కూలబడుతుంది.

ఎటూ తేలక అత్తయ్యకి ఫోన్ చేశాను.

"మీ నాన్న ఎండ చూశాడు గనక అలా అంటాడులే. నీకేం కావాలి, అది చెప్పు" అంది.

"నాకు ఊళ్లు తిరగాలనే ఉంది అత్తయ్యా."

"అయితే ఆదివారం ఆరాధన అయ్యాక నందిగామ వస్తా. మీ బావని కూడా తీసుకొస్తా. మీ నాన్నని రమ్మను."

"నాన్న రాడు."

"అక్క కాఫీకి రమ్మందని చెప్పు. బండి మాట ఎత్తకు."

నాన్నకి అత్తయ్య పెద్దక్క. అక్క రమ్మంటే రావాల్సిందే. తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. షోరూం ముందు బస్సు దిగి, అద్దాల్లోంచి వరసగా నిలబెట్టిన బళ్లు చూసి, "ఇదేం కాఫీ హోటలక్కా?" అన్నాడు.

"కాఫీ తర్వాత. ముందు అమ్మాయి సంగతి చూద్దాం పా."

"నేను బయట కూర్చుంటా" అని ఎదురుగా టీ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. అక్కడినుంచి లోపల జరిగేది అంతా కనపడుతుంది. అత్తయ్య అది చూసుకుని, తృప్తిగా, చంకలో బొంతతో లోపలికి నడిచింది. మామయ్య పోయాక ఆ బొంత బయటికి రావటం అదే మొదలు.

బావ నన్ను తిన్నగా ఒక ఎర్ర బండి దగ్గరికి తీసుకెళ్లాడు. నిజం చెబుతున్నా, చాలా బాగుంది. ఎక్కి కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకి తగిలాయి. "అలవాటైపోద్దిలే" అన్నాడు బావ. అక్కడ పనిచేసే కుర్రాడు కూడా "మేడమ్, మీకు భలే నప్పింది" అన్నాడు.

అత్తయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంజను వంక చూడలేదు, రంగు వంక చూడలేదు. వెనక చక్రం దగ్గర ఆగి, "కొంగు ఎక్కడికి పోద్ది?" అంది.

"ఏ కొంగండీ?" అన్నాడా కుర్రాడు.

"నాదే. ఇక్కడ జాలీ ఏది? చక్రంలోకి పోదూ?" తర్వాత సీటు మీద బొంత పరిచింది. ఆ వెనక సీటు పైకి లేచి ముందుకి వాలి ఉంది. బొంత మెల్లగా జారి నా నడుం దాకా వచ్చింది. "ఇది సీటు కాదయ్యా, జారుడుబండ" అంది.

కుర్రాడు నవ్వాపుకుంటూ, "అమ్మగారూ, బండి నడిపేది మీరా?" అన్నాడు.

"నడిపేది ఇది. కూర్చునేది నేను. ఇద్దరం చూసుకోవాలిగా? అమ్మాయ్, స్టాండు తీసి గట్టిగా పట్టుకో. ఎక్కుతున్నా."

ఎడమ పక్కనుంచి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఒక పక్కకి తిరిగి ఎక్కింది. ఆమె బరువు పడగానే బండి మొత్తం ఎడమ పక్కకి వాలింది. నా మునివేళ్లు నేల మీద జారాయి. బావా, ఆ కుర్రాడూ చెరో పక్క పట్టుకోకపోతే పక్కనున్న కొత్త బళ్లన్నీ వరసగా పడేవి. బయట టీ బండి దగ్గర నాన్న చేతిలో గ్లాసుతో లేచి నిలబడ్డాడు.

"అమ్మా! అందరిలో పరువు తీయకు" అన్నాడు బావ.

"పరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు బండి పట్టుకో" అని నెమ్మదిగా దిగింది. కుర్రాడు నుదురు తుడుచుకుని, "అమ్మగారూ, చెరో పక్కా కాలేసుకుని కూర్చుంటే ఏం కాదండీ" అన్నాడు.

"ఈ చీరతోనా? ఏదీ, నువ్వు కట్టుకుని కూర్చుని చూపించు."

లోపల ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ కుర్రాడు కూడా. అత్తయ్య మాత్రం నా వైపు తిరిగి, నవ్వకుండా చెప్పింది. "వెళ్లేటప్పుడు ఏ బండీ పడదే. పడేది ఆగేటప్పుడు, ఎవరో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. మొదటిసారి కొనేటప్పుడు దాని ఉరుకు చూడొద్దు, నిలబడటం చూడు. నీ వెనక ఎక్కేది ఎవరు? మీ అమ్మ, నేను, పొలంలో గేదె చూపించటానికొచ్చే ముసలమ్మలు. అందరివీ చీరలే. అందరూ ఒక పక్కకే కూర్చుంటారు."

నేను అప్పటిదాకా బండి మీద నన్ను ఒక్కదాన్నే ఊహించుకున్నాను. బావ పంపిన ఫొటోల్లో కూడా ఏ బండి వెనకా ఎవరూ లేరు. మన దగ్గర బండి అంటే ఎప్పుడూ ఒక్కరి కోసమే ఉండేది కాదని, ఎవరో ఒకరు చెయ్యెత్తుతూనే ఉంటారని, నేనూ రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడినదాన్నే అయినా, తట్టలేదు.

చివరికి గోడవారగా ఉన్న నల్ల బండి దగ్గరికి వచ్చాం. వంద సీసీ. చూడటానికి గొప్పగా ఏం లేదు. సీటు కిందకి, పొడుగ్గా, బల్లపరుపుగా ఉంది. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాయి. వెనక చక్రానికి జాలీ ఉంది, ఎడమ పక్కన కాళ్లు పెట్టుకోవటానికి పలక ఉంది. అత్తయ్య బొంత పరిచి ఎక్కింది. బండి ఒరగలేదు. దిగింది. "ఇంకోసారి" అని మళ్లీ ఎక్కింది. నేను ఒక కాలు ఎత్తి ఒక కాలి మీదే ఆపి చూశాను, నిలిచింది. బండిని నన్నొక్కదాన్నే స్టాండు ఎక్కించమంది, ఎక్కించాను. వెనక్కి నెట్టమంది, నెట్టాను.

"నువ్వు తిరిగే ఊళ్లల్లో మెకానిక్కి ఈ బండి వచ్చా?" అని అడిగింది. మా ఊరి మెకానిక్ షెడ్డులో సగం బళ్లు అవే అని చెప్పాను. "అయితే చాలు. ఊరివాడికి తెలియని బండి ఎంత మంచిదైనా నీకొద్దు."

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. బటను నొక్కితే స్టార్టయ్యేది వద్దు, కాలితో తన్నేదే తీసుకోమంది. బటను పాడవుద్ది, కాలు పాడవదు అని ఆమె వాదన. ఈ బండికి రెండూ ఉన్నాయని చూపించినా నమ్మలేదు. చాలా రోజుల తర్వాత, ఒక వాన పూట మోకాలిదాకా బురదతో నేను బటను నొక్కి బయల్దేరటం చూసి, "అదీ మంచిదేలే. మీ మామయ్య తన్నీ తన్నీ మోకాలు పోగొట్టుకున్నాడు" అని ఒప్పుకుంది.

ఒకసారి నడిపి చూసుకోమని కుర్రాడు తాళం ఇచ్చాడు. హెల్మెట్లు రెండు తెచ్చాడు. అత్తయ్య ముడికి హెల్మెట్ అడ్డొచ్చింది. అక్కడే నిలబడి, పిన్నులు నోట్లో పెట్టుకుని, ముడి విప్పి మెడ మీదకి దించి వేసుకుంది. ఆ రోజు దించిన ముడి మళ్లీ పైకి ఎత్తలేదు. ఆమెని ఈమధ్య చూసినవాళ్లు ఆ కింది ముడినే ఎరుగుదురు.

సర్వీసు రోడ్డు మీద వెళుతుంటే వెనకనించి మాట్లాడుతూనే ఉంది. "గేరు మార్చినప్పుడల్లా నా తల నీ వీపుకి కొట్టుకుంటోంది. క్లచ్ మెల్లగా వదులు." కాసేపటికి, "ఆఁ, అట్లా." ఇంకాసేపటికి, "బ్రేకు ఒక్కసారే నొక్కమాకు, నేనేం బస్తాని కాదు." మలుపు తిరిగి వెనక్కి వచ్చేసరికి ఆమె మాట ఆగిపోయింది. భయపడి "అత్తయ్యా" అన్నాను. "బానే ఉంది, పోనీ" అంది. భుజం మీద చెయ్యి తేలికైంది.

షోరూం ముందు ఆగాం. నాన్న టీ బండి దగ్గరినుంచి రోడ్డు దాటి వచ్చి నిలబడి ఉన్నాడు. అత్తయ్య దిగి, బొంత మాత్రం తీయలేదు.

"తమ్ముడూ, ఎక్కు."

"నేనెందుకక్కా?"

"రేపట్నించీ అది ఎట్టా పోతుందో అని ఇంట్లో కూర్చుని గుండెలు బాదుకునేది నువ్వేగా? ఎక్కి చూసుకో. బాలేకపోతే చెప్పు, ఆఫీసు పనే చేసుకుంటది."

నా ఉద్యోగాన్ని తీసుకెళ్లి ఆమె నాన్న చేతిలో పెట్టింది. నాన్న నా వైపు చూడలేదు. పంచె పైకి మడిచి, కూతురి వెనక ఎక్కటం అలవాటు లేనివాడు కాబట్టి ఎక్కడ పట్టుకోవాలో తెలియక, వెనకున్న కడ్డీ పట్టుకున్నాడు.

దగ్గరికే కదా అనుకున్నాను. "ఊరి వైపు పోనీ" అన్నాడు. చందర్లపాడు రోడ్డు దాటాం, ఊళ్లు వచ్చాయి, మిరప చేలు వచ్చాయి. గతుకులు వచ్చినప్పుడు నెమ్మదించాను, గేరు మార్చినప్పుడు క్లచ్ మెల్లగా వదిలాను. ఒక కల్వర్టు దగ్గర గేదెల మంద అడ్డం వస్తే ఆపాను. రెండు పాదాలూ నేల మీద పెట్టి, బండి కదలకుండా, ఆఖరి దూడ దాటేదాకా నిలబెట్టాను. అప్పుడు నా భుజం మీద ఒక చెయ్యి పడింది. కడ్డీ వదిలేశాడు. "ఎండగానే ఉంది" అన్నాడు. బండి కదిలాక, "గాలి కూడా తగులుతోందిలే" అన్నాడు.

తిరిగి నందిగామ చేరేసరికి అత్తయ్య నాన్న కూర్చున్న బల్ల మీదే కూర్చుని టీ తాగుతోంది. నాన్న దిగగానే ఆయన ముఖం వంక చూసి, "నిద్దరొచ్చిందా?" అని అడిగింది. "కొంచెం కన్ను మూతపడిందక్కా" అన్నాడు సిగ్గుపడుతూ. అత్తయ్య గ్లాసు కింద పెట్టి బావతో, "వెళ్లి నల్లదే చెప్పు" అంది. నాన్న తిరుగు బస్సు ఛార్జీకని తీసిన చిల్లర మళ్లీ జేబులో వేసుకుని, "కాఫీ ఏదక్కా మరి?" అన్నాడు.

నన్ను ఆఫీసు పనికి మార్చమని డాక్టరుగారు రాయలేదు. నేను ఇప్పటికీ ఆ ఊళ్లే తిరుగుతున్నాను. మజ్జిగ ఇచ్చిన ఆవిడ ఇప్పుడు ముందు నాకే ఫోన్ చేస్తుంది.

ఆ తర్వాత ఈ వార్త పాకింది. పేటలో, నందిగామలో మొదటిసారి బండి కొనుక్కునే ఆడపిల్లలు అత్తయ్యని వెంట తీసుకెళ్లటం మొదలుపెట్టారు. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, ఒక నర్సమ్మ, ఇంకా నాకు తెలియనివాళ్లు. అందరికీ నల్ల బండే చెప్పలేదు. టీచరమ్మకి స్కూటీయే మంచిదంది. "నీది సిమెంటు రోడ్డు, పైగా ముందర చంటిపిల్లని నిలబెట్టుకుంటావు, నీకు అదే." ఎవరు ఎక్కడ తిరుగుతారో, వెనక ఎవరు ఎక్కుతారో ముందు అడిగేది. ఆ తర్వాతే బొంత పరిచేది. ఎవరైనా చీర పెట్టబోతే, "నేను చీరలు అమ్మినదాన్నే తల్లీ" అని నవ్వేసేది.

కిందటి నెల కళ్లు చూపించుకోవాలని నందిగామ వచ్చింది. నేనే తీసుకొచ్చి, సాయంత్రం తిరిగి పేటలో దింపాను. చిల్లకల్లు దగ్గర హైవే దిగేటప్పుడు నా వీపు మీద ఏదో ఆనింది. మొదట హెల్మెట్ అంచు, తర్వాత నెమ్మదిగా తల బరువంతా. మాట్లాడితే లేస్తుందేమో అని ఊరుకున్నాను. ఇల్లు వచ్చాక కూడా ఇంజను ఆపకుండా, రెండు పాదాలూ నేల మీద పెట్టి కాసేపు అలాగే నిలబెట్టాను. లేచి, ఇల్లు చూసి, "అప్పుడే వచ్చామా" అంది. బొంత తీసుకోవటం మర్చిపోయి లోపలికి వెళ్లింది. కేకేస్తే వెనక్కి తిరిగి, "ఉండనీ, నీ దగ్గరే ఉండనీ. మళ్లీ ఎక్కేదాన్నేగా" అంది.

బొంత ఇంకా నా బండి మీదే ఉంది.

ఇప్పుడు మిమ్మల్ని అడగాలనుకున్న మాట. కూడిక ఆదివారం పొద్దున, పేటలో. అత్తయ్య మూటలోంచి చీరలు కొన్న పెద్దవాళ్లు చెవిటికల్లు నుంచి వీరులపాడు దాకా చాలా ఊళ్లలో ఉన్నారు. రావాలని ఉన్నా ఆదివారం పూట బస్సు కుదరదని కొందరు ఇప్పటికే కబురు చేశారు. అత్తయ్య దగ్గరుండి బండి కొనిపెట్టిన ఆడపిల్లల్లారా, మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. మీ వెనక సీటు ఆ పూటకి ఖాళీగా ఉంటే, మీరు ఏ ఊరి మీదుగా వస్తారో మా బావకి గానీ, సంఘం దగ్గర గానీ ఒక మాట చెప్పండి. రావాలనుకునే పెద్దవాళ్లు కూడా మీ ఊరి పేరు చెప్పండి. ఎవరిని ఎవరు ఎక్కించుకోవాలో మేం చూసుకుంటాం.

నా బండి వీరులపాడు నుంచి ఎండ ఎక్కకముందే బయల్దేరుతుంది. బొంత దులిపి ఎండలో వేశాను. వెనక ఒకరికి చోటుంది. చీరతో ఒక పక్కకి తిరిగి కూర్చోవచ్చు, నిద్రొస్తే నా వీపు మీద తల పెట్టుకోవచ్చు. ఎవరు వస్తారో కూడికకి ముందు గురువారం సాయంత్రం లోపు చెప్పండి.